బుగ్గ వెచ్చని నీళ్ళు

బుధవారం పొద్దున్నే ఇదలీనా నీళ్ళు కాచి పెట్టుకుంది గానీ, కడగడానికి కిరీటం రాలేదు.

ఎనామిల్ బేసిన్ అడుగున తువ్వాలు నాలుగు మడతలు వేసి పరిచింది. రాయి చేయి జారినా గట్టి అడుగుకు తగలకూడదు. కొబ్బరి సబ్బును చాకుతో గీకి, రాలిన పొట్టును సాసర్లోకి ఎత్తింది. కూతురు పసిదిగా ఉన్నప్పుడు తల దువ్విన మెత్తని బ్రష్షు, రాయిని చుట్టే పాత ఊలుగుడ్డ, వెండిని తుడిచే వేరే గుడ్డ, అన్నీ ఎండ పడని మూల బల్లమీద వరుసగా పెట్టుకుంది. నీళ్ళు చల్లారాయి. మళ్ళీ కాచింది. అవీ చల్లారాయి.

జపమాల మాత పండుగ ఆదివారం. దానికి ముందు వచ్చే బుధవారం గుడి బీరువా తెరిచి మాత కిరీటాన్ని ఇదలీనా ఇంటికి తేవడం పందొమ్మిదేళ్ళుగా జరుగుతోంది. పెనేరా గుట్టమీద ఉన్న నూటపాతిక గడపల్లో ఈ సంగతి తెలియని వాళ్ళు లేరు.

పది దాటాక వాకిట్లో కారు ఆగింది. ఒతావియో దిగాడు. పుట్టింది ఈ గుట్టమీదే అయినా కింద ఔరో ప్రెతో పట్నంలో రత్నాల రాళ్ళ కొట్టు పెట్టాక మనిషి లావయ్యాడు, గొంతు కూడా లావైంది. ఈ ఏడాది పండుగ సంఘానికి పెద్ద తనే. వెనకాలే అతని కూతురు లుద్మీలా చెక్కపెట్టె రెండు చేతులా పట్టుకుని దిగింది.

"ఏం పెద్దమ్మా, కాఫీ వాసన వీధి చివరిదాకా వస్తోంది!"

"రా బాబూ. నీళ్ళు రెండుసార్లు కాచాను. ఇంత ఆలస్యమైందేం?"

"అదే చెప్పిపోదామని ఆగాను. ఈ ఏడాదికి నీకా శ్రమ లేదు. మా కొట్లో కొత్త యంత్రం తెప్పించాం. నీళ్ళల్లో వణుకు పుట్టిస్తుంది. ఐదు నిమిషాల్లో వందేళ్ళ మురికి దులిపేస్తుంది. నువ్వు పొద్దంతా కూర్చుని తోమక్కర్లేదు."

ఇదలీనా చేతిలోని సబ్బు ముక్కను సాసర్లో పెట్టింది. "నేను శ్రమ అన్నానా?"

"అనవు. అది నీ మంచితనం. కానీ డెబ్బై దాటాయి నీకు. ఎంతైనా ఇది చేతిపని కాలం కాదు పెద్దమ్మా, శాస్త్రం కాలం. ఆ ఊలుగుడ్డ ఇలా ఇయ్యి, చుట్టి తీసుకుపోతాం." అని, జేబులో ఫోను మోగితే చెవికి ఆనించుకుని కారువైపు నడిచాడు.

లుద్మీలా గుమ్మంలోనే నిలబడిపోయింది. పాతికేళ్ళుంటాయి. బేసిన్ వంకా, సబ్బు పొట్టు వంకా, బ్రష్షు వంకా చూస్తోంది. ఇదలీనా పెట్టె మూత తీసి, కిరీటం మధ్య ఉన్న రాయిని చూపుడు వేలితో ముట్టింది. ఖర్జూరపు కాయంత పుష్యరాగం. పాకం ముదిరి ఎర్రబడబోయే ముందు ఎలా ఉంటుందో ఆ రంగు.

"ఇలా వెలుతురుకి పట్టి చూడమ్మాయ్. లోపల బియ్యపు గింజంత తెల్లటి ఈక కనిపిస్తోందా?"

లుద్మీలా వంగి చూసింది. "కనిపిస్తోంది అవ్వా."

"అది పుట్టుకతో ఉన్నదే. అది ఉన్నంతకాలం ఈ రాయి నిండు గర్భిణిలాంటిది. వేడినీళ్ళు వద్దు. వేడిలోంచి చన్నీళ్ళలోకి అసలే వద్దు. పుష్యరాగానికి గీత పడదు, ఇనుమును కూడా లెక్కచేయదు. కానీ ఒక్క పక్కన అరటిబోదె పొర విడినట్టు విడిపోతుంది. మీ నాన్న యంత్రం వణికిస్తుందన్నాడే, అందులో వెయ్యకు."

"మరి నీళ్ళు ఎంత వేడిగా ఉండాలి?"

"బుగ్గంత." ఇదలీనా తన చెంప మీద చెయ్యి పెట్టుకుంది. "మా అత్త రొజెండాకు గనిలో మట్టి కడిగే జల్లెడలో దొరికింది ఈ రాయి. గని మనిషి వచ్చి ఆడవాళ్ళ కొంగులూ కొప్పులూ విప్పి చూస్తుంటే బుగ్గలో పెట్టుకుంది. గుట్ట ఎక్కేదాకా ఎవరు పలకరించినా మాట్లాడలేదట. పంటినొప్పి అనుకున్నారు. తిన్నగా గుడికి పోయి మాత పాదాల దగ్గర ఉమ్మింది. ఆ బుగ్గ వెచ్చదనమే దానికి అలవాటు. అంతకు మించి వద్దు, తగ్గించొద్దు."

"లుద్మీలా!" కారులోంచి కేక వచ్చింది. "వచ్చెయ్. కొనేవాళ్ళు కూర్చునున్నారు."

ఆ పిల్ల ఊలుగుడ్డ తీసుకుని రాయిని చుట్టింది. చుట్టడం చేతకాలేదు, కొస బయటికి వచ్చింది. ఇదలీనా దాన్ని లోపలికి దోపింది. కారు గుట్ట దిగిపోయాక కూడా బేసిన్లో నీళ్ళు చాలాసేపు అలాగే ఉన్నాయి. చివరికి వాటిని కొత్తిమీర మడిలో పోసింది.

*

శుక్రవారం మధ్యాహ్నం గుడి పక్కగదికి రమ్మని కబురొచ్చింది. చేతిలోని చిక్కుడు గింజల చేట పక్కనపెట్టి, తెల్లచొక్కా మార్చుకుని వెళ్ళింది.

గదిలో ముగ్గురున్నారు. ఒతావియో కుర్చీలో కూర్చున్నాడు. లుద్మీలా బీరువాకు ఆనుకుని నేల చూస్తోంది. గుడి ఆడవాళ్ళ సోదరీ సంఘానికి రాణి హోదాలో ఉన్న క్లెమెన్సియా బల్లపక్కన నిలబడి పైట కొసను వేలికి చుడుతూ విప్పుతూ ఉంది. యాభై ఏళ్ళుగా ఇదలీనాకు తోడు తిరిగిన మనిషి. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకుంటారు. ఇవాళ ఆవిడ తల ఎత్తలేదు.

బల్లమీద కిరీటం. వెండి ఇంతకు ముందెన్నడూ లేనంత తెల్లగా మెరుస్తోంది. మధ్యన రాయిని బిగించే వెండి పట్టులో సగం రాయే ఉంది. మిగతా సగం ఒక కాగితం మీద పడుంది.

ఇదలీనా గోడ పట్టుకుంది.

"కూర్చో పెద్దమ్మా. నిన్ను తిట్టడానికి పిలవలేదు. వయసు మీద పడితే ఎవరికైనా జరుగుతుంది." ఒతావియో గొంతు మెత్తగా ఉంది. "కొట్టుకి తీసుకెళ్ళి గుడ్డ విప్పామో లేదో సగం చేతిలోకి వచ్చేసింది. కిందటేడు కడిగేటప్పుడే ఎక్కడో కొట్టుకుని ఉంటుంది. లోపల పగిలి, పట్టులో బిగుసుకుని ఉండిపోయింది. ఏడాది తర్వాత ఊడింది. అంతే."

"గుడ్డ విప్పగానే ఊడిందా?" ఇదలీనా అడిగింది. అడిగింది అతన్ని గానీ, చూసింది లుద్మీలాను. ఆ పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

"నేను చెప్తున్నా కదా."

"ఏదీ, ఇలా ఇయ్యి. చూస్తాను." చెయ్యి చాపింది.

ఒతావియో కాగితాన్ని తనవైపు లాక్కున్నాడు. "చేసింది చాలదా? ఇంకా ముట్టుకుంటావా?"

ఆ మాటకు క్లెమెన్సియా వేళ్ళు పైట కొసమీద ఆగిపోయాయి.

"పందొమ్మిదేళ్ళు ముట్టుకున్నాను బాబూ."

"అందుకే ఇలా ఉంది. పోనీలే, అయిందేదో అయింది. రచ్చ చేయడం నాకిష్టం లేదు. నేనొక మాట అనుకున్నా. పండుగ అవగానే మా కొట్టునుంచి పెద్ద నీలం పుష్యరాగం ఇస్తాను. దీనికి రెండింతలు ఉంటుంది. పాత పట్టు తీసేసి కొత్తది వేయిద్దాం. కింద చిన్న రేకుమీద మా కుటుంబం పేరు. ఊరికి ఇంతకంటే ఏం కావాలి?"

"నీలమా?" క్లెమెన్సియా మొదటిసారి మాట్లాడింది. "మన గుట్టలో నీలం ఎక్కడుందయ్యా?"

"తెల్లరాయికి వేరే యంత్రంలో కిరణాలు పట్టిస్తే నీలమవుతుంది. అమెరికావాళ్ళు ఎగబడి కొంటారు."

"ఈతకొలను రంగు," అంది ఇదలీనా.

అతను నవ్వలేదు. "నువ్వు ఇస్తావా మరి? మీ అత్త ఇచ్చింది మహా! గని సొత్తు నోట్లో పెట్టుకొచ్చి. అది ఇవ్వడమా, దొంగతనమా? ఎవరూ అడగలేదు కాబట్టి సరిపోయింది." లేచి నిలబడ్డాడు. "ఆదివారం మాత పల్లకీ ముందు రాణిగారు కిరీటం ఎవరు కడిగారని అడిగినప్పుడు ఎప్పటిలాగే నువ్వే జవాబు చెప్పు. నేను కడిగాను, దుమ్మే పోయింది అని. అక్కడితో పోతుంది. సంఘం పరువు నిలబడుతుంది. నీ పరువు కూడా."

ఇదలీనా గోడమీదనుంచి చెయ్యి తీసి నిటారుగా నిలబడింది. ఏదో అనబోయింది. అంతలో ఒక శబ్దం జ్ఞాపకం వచ్చింది. టింగ్ మని.

కిందటేడు. వాకిట్లో కోడి పిల్లల్ని గద్ద తన్నుకుపోతుంటే, కిరీటం చేతిలో ఉండగానే తాను గిరుక్కున తిరిగింది. కిరీటం అంచు బేసిన్ అంచుకు తగిలింది. అడుగున తువ్వాలు ఉంది గానీ అంచున లేదు. అప్పుడు రాయిని వెలుతురుకి పట్టి చూసింది. ఏమీ కనిపించలేదు. ఎవరికీ చెప్పలేదు.

వచ్చిన మాట నోట్లోనే ఉండిపోయింది. ఆ నిశ్శబ్దాన్ని ఒతావియో ఒప్పుకోలుగా తీసుకున్నాడు. రెండు సగాలనూ బీరువాలో పెట్టి తాళం వేసి, కూతుర్ని తీసుకుని వెళ్ళిపోయాడు.

*

శనివారం నాటికి గుట్టంతా తెలిసిపోయింది. రచ్చ చేయడం ఇష్టంలేదన్న మనిషే దిగే దారిలో నాలుగు గడపల దగ్గర ఆగి చెప్పాడు.

రొట్టెల కొట్టులో ఇదలీనా మొక్కజొన్న రొట్టె కొని సంచి తెరిస్తే, కొట్టావిడ గబుక్కున గల్లా వెనకనుంచి వచ్చింది. "ఉండవ్వా, సంచిలో నేను పెడతాను. చేతులు వణుకుతున్నాయట కదా."

"ఎవరన్నారు?"

"ఎవరో అన్నార్లే. పెద్దతనం. మా అమ్మ కూడా చివర్లో పింగాణీ అంతా పగలగొట్టింది."

కొట్టులో ఉన్న ఇద్దరు ముగ్గురు మొహాలు తిప్పుకున్నారు. అందులో ఒకామె నవ్వు ఆపుకోలేక దగ్గింది. ఇదలీనా రొట్టె తానే తీసుకుని, తానే సంచిలో పెట్టుకుని, మెట్లు దిగింది. చేతులు నిజంగానే వణుకుతున్నాయి. అది వయసు వల్ల కాదని ఆవిడకు తెలుసు. చూసేవాళ్ళకు ఎలా తెలుస్తుంది?

ఇంటికొచ్చి బేసిన్ బోర్లించి అంచు తడిమింది. ఒకచోట ఎనామిల్ పెచ్చు ఊడి నల్లగా ఉంది. ఎప్పుడు ఊడింది? కిందటేడా, అంతకుముందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చిక్కుడు గింజలు ఉడికించింది. తినలేకపోయింది. తాను పగలగొట్టి ఉంటే ఆ మాట పైకి చెప్పుకునే మనిషే. కానీ పగలగొట్టిందో లేదో తనకే తెలియనప్పుడు ఏం చెప్పుకోవాలి? దేనికి తల వంచాలి?

నాలుగింటికి వాన మొదలైంది. క్లెమెన్సియా తలమీద గోనెసంచి కప్పుకుని, గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. కూర్చోకుండానే చేతిరుమాలు కొస ముడి విప్పింది. అందులో రాయి సగం.

"బీరువాకి రెండో తాళం రాణి దగ్గరుంటుందని ఆ మహానుభావుడికి ఎవరూ చెప్పలేదు," అంది. "చూసి ఇచ్చెయ్ వదినా. ప్రాణం గొంతులో ఉంది."

ఇదలీనా సబ్బుతో చేతులు కడుక్కుని, ఆరేదాకా ఆగి, కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుంది. ముందు అలవాటుకొద్దీ రాయిని ఊలు పైటమీద గట్టిగా రుద్ది, పొయ్యి గట్టుమీది బూడిద పైన పట్టింది. సన్నటి బూడిద పొరలు లేచి రాయికి అంటుకున్నాయి. పలుగురాయైతే ఇంతగా లాగదు.

"ఇంకా బతికే ఉంది," అంది.

బూడిద ఊది, గోటితో అంచు చుట్టూ మెల్లగా తడిమింది. దెబ్బ తగిలిన రాయికి ఎక్కడో ఒకచోట గోరు పట్టుకుంటుంది. చిన్న పెచ్చు, చిన్న గాటు. కళ్ళు మూసుకుని మరో చుట్టు తిప్పింది. గోరు ఎక్కడా ఆగలేదు.

తర్వాత విరిగిన ముఖాన్ని వెలుతురుకి తిప్పింది. గాలి లేని రోజు నీటి మీది పైపొరలా నున్నగా ఉంది. ఆ నునుపులో, ఒక పక్కగా, బియ్యపు గింజంత తెల్లటి మచ్చ. ఈక. పందొమ్మిదేళ్ళు లోపల దూరంగా చూసినదాన్ని ఇప్పుడు వేలితో ముట్టుకోగలిగింది. ఆ ఈక చుట్టూ సన్నటి వలయాలు, చెరువులో రాయి వేసినప్పుడు లేచే అలల్లా, అంచులవైపు విచ్చుకుంటూ పోయాయి.

బయట చూరునీళ్ళు పడుతున్నాయి.

"ఏమైంది వదినా? ఏడుస్తున్నావా?"

"లేదు. ఇటు రా. కిందటేడు పగిలి ఉంటే ఏడాది దుమ్మూ వెండి నలుపూ ఈ పగులులోకి దిగేవి. అంచు బూడిద రంగు తిరిగేది. చూడు, నూలుపోగంత మరక లేదు. ఇది నిన్నో మొన్నో తెరుచుకున్న తలుపు." గొంతు గట్టిపడింది. "ఇంకోటి. కొట్టిన దెబ్బ బయట మొదలై లోపలికి పోతుంది. ఇది లోపల, ఈక దగ్గర మొదలై బయటికి వచ్చింది. దీన్ని ఎవరూ కొట్టలేదు. వణికించారు. వేడి పెట్టి వణికించారు."

"అంటే రాయికి చలిజ్వరం తెప్పించారన్నమాట."

"ఆ పిల్లకి చెప్పాను క్లెమెన్సియా! ఈ గుమ్మంలోనే నిలబెట్టి చెప్పాను. తల ఊపింది. నిన్న గదిలో నన్ను అంతమాట అంటుంటే బీరువాకి బల్లిలా అతుక్కుని నిలబడింది. ఆయన సరే, ఆయన సంగతి తెలిసిందే. ఆ పిల్లకి నోరు లేదా?" రాయిని అరచేతిలో పెట్టి గుప్పిట బిగించింది. "పుష్యరాగం పట్టుకుంటే కోపం చల్లారుతుందనేది మా అత్త. ఇంతసేపట్నుంచీ పట్టుకున్నా. ఎక్కడ చల్లారుతోంది?"

"సగం రాయే కదా వదినా. సగం కోపమే పోతుంది."

ఇద్దరికీ నవ్వొచ్చింది. ఇదలీనా నవ్వు మధ్యలోనే తెగింది.

"రేపు అందరిముందూ చెప్పెయ్. నాకు చూపించినట్టే చూపించు," అంది క్లెమెన్సియా.

"నీకు తెలీదా? మాత ముందు ఎవరి చేతుల సంగతి వాళ్ళే చెప్పుకోవాలి. ఇంకొకరి పేరెత్తితే నేనూ అతనూ ఒకటే. నువ్వు మాత్రం అడగాల్సింది అడుగు. మూడుసార్లూ అడుగు. తొందరపడకుండా అడుగు."

"నువ్వు జవాబు చెప్పవా?"

"నేను కడగలేదు. ఏం చెప్పను?"

క్లెమెన్సియా కుర్చీలో కూలబడింది. "మూడోసారికి కూడా ఎవరూ పలక్కపోతే కిరీటం పెట్టెలోకి పోతుంది. మాత బోసి తలతో ఊరేగుతుంది. మా అమ్మ కాలంలో లేదు, మా అమ్మమ్మ కాలంలో లేదు. నా చేతుల మీదుగానా? డప్పులవాళ్ళ బస్సులకీ, భోజనాలకీ ఇచ్చేదంతా ఒతావియో. రేపు ఆయన చెయ్యి తీసేస్తే..."

"మాత నోట్లో అబద్ధం పెట్టడం కంటే తల బోసిగా ఉండటం నయం."

క్లెమెన్సియా లేచి రాయిని రుమాల్లో కట్టుకుంది. ఒక ముడి వేసి, ఆలోచించి, ఇంకో ముడి వేసింది. దాన్ని బీరువాలో పెట్టకుండా రవికలో దోపుకుని వానలోకి నడిచింది.

*

ఆదివారం తెల్లారేసరికి వాన వెలిసి ఎండ కాచింది. కింది ఊళ్ళనుంచి వచ్చిన డప్పుల బృందాలు గుడి ముందు వరసలు కట్టాయి. ఔరో ప్రెతోనుంచి వచ్చిన ఫాదర్ ద్వారం పక్కన నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. తెల్లలంగాలు కట్టిన సోదరీమణులు రెండు వరసల్లో నిలబడ్డారు. ఇదలీనా మామూలుగా నిలబడేచోటే, మొదటి వరస చివర, నిలబడింది. ఆవిడ పక్కన నిలబడాల్సినామె అరడుగు ఎడంగా జరిగింది.

మాత పల్లకీ గుమ్మం దాటి ఆగింది. డప్పులు ఆగాయి. క్లెమెన్సియా కిరీటాన్ని రెండు చేతులా ఎత్తింది. సగం రాయి కనిపించకుండా ముందువైపు తెల్ల గులాబీలు గుచ్చారు. పల్లకీ పక్కనే ఒతావియో, ఇస్త్రీ చొక్కాలో. అతని వెనక లుద్మీలా.

"కిరీటం ఎవరు కడిగారు?" క్లెమెన్సియా గొంతు ఎప్పటికంటే సన్నగా వచ్చింది.

పందొమ్మిదేళ్ళుగా ఆ ప్రశ్న పూర్తయీ కాకముందే జవాబు వచ్చేది. ఇవాళ రాలేదు. జనం తలలు ఇదలీనా వైపు తిరిగాయి. ఆవిడ రెండు చేతులూ లంగాకు ఇరుపక్కలా తెరిచి వేలాడేసి, మాత మొహం చూస్తూ నిలబడింది.

ఒతావియో రెండడుగులు ముందుకు వేసి, పెదవులు కదపకుండా అన్నాడు. "చెప్పు పెద్దమ్మా. ఎండ ముదురుతోంది."

ఆవిడ అతనివైపు చూడలేదు.

"కిరీటం ఎవరు కడిగారు?"

ఎక్కడో ఒక డప్పు కర్ర కిందపడింది. "పాపం, చెవులు కూడా పోయాయేమో," అంది రొట్టెల కొట్టావిడ, నలుగురికీ వినపడేలా. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఫాదర్ గడియారం చూడటం మానేశాడు. క్లెమెన్సియా కిరీటం దించలేదు.

"రాణిగారూ, ఇక పెట్టెయ్యండి. అవ్వకు ఒంట్లో బాగోలేదు," అన్నాడు ఒతావియో, ఈసారి పైకే.

"రెండుసార్లు అడిగానయ్యా. ఇంకోసారి ఉంది," అంది క్లెమెన్సియా. గొంతు సర్దుకుంది. ఎప్పుడూ మెల్లగా మాట్లాడే మనిషి గుట్ట కింది ఇళ్ళకు కూడా వినిపించేలా అడిగింది. "కిరీటం ఎవరు కడిగారు?"

ఇదలీనా ఒకటి, రెండు, మూడు, మనసులో లెక్కపెడుతోంది. క్లెమెన్సియా చేతులు కొద్దికొద్దిగా పెట్టెవైపు దిగుతున్నాయి.

"నేను."

జనం వెనక్కి తిరిగారు. లుద్మీలా తండ్రి వెనకనుంచి ఇవతలికి వచ్చింది. ఒతావియో ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకోలేదు. పట్టుకోనిచ్చే నిలబడింది.

"దేనితో కడిగావు?" అడిగింది క్లెమెన్సియా.

"వేడినీళ్ళతో. వణికే యంత్రంలో వేసి."

"ఏమైనా ఊడిందా?"

"సగం రాయి ఊడింది. నా కళ్ళముందే. అలా వెయ్యొద్దని ముందే చెప్పారు నాకు. విన్నాను. విని కూడా వేశాను."

ఎవరి పేరూ ఎత్తలేదు. ఎత్తనక్కర్లేకపోయింది. యంత్రం ఎవరి కొట్లో ఉందో అందరికీ తెలుసు. క్లెమెన్సియా ఆ పిల్లను వదిలేసి, ఒతావియో మీద చూపు నిలిపింది. "ఇందులో ఇంకెవరి చెయ్యైనా ఉందా?"

ప్రతి ఏడూ అడిగే మూడు ప్రశ్నల్లో అది లేదు. ఒతావియో కూతురి మోచెయ్యి వదిలేశాడు. వదిలిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ప్యాంటు జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు ఇదలీనా నోరు తెరిచింది. "నా చేతుల సంగతి కూడా ఒకటుంది. కిందటేడు కిరీటం అంచును బేసిన్‌కి తగిలించాను. రాయి పగల్లేదు. కానీ తగిలించాను. అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు."

క్లెమెన్సియా తల ఊపింది. గులాబీలు పీకి కింద పడేసి, సగం రాయి ఎండకు మెరుస్తుండగా కిరీటాన్ని మాత తలమీద పెట్టింది. రవికలోంచి రుమాలు తీసి, రెండు ముళ్ళూ విప్పి, మిగతా సగాన్ని లుద్మీలా చేతిలో పెట్టింది. "కడిగినవాళ్ళే మొయ్యాలి. పైదాకా."

డప్పులు మొదలయ్యాయి. పల్లకీ గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. ఇదలీనా వరసలోంచి తప్పుకుని లుద్మీలా పక్కన నడిచింది. తన నల్ల గొడుగు విప్పి ఆ పిల్ల అరచేతి మీద నీడ పడేలా పట్టింది.

"అవ్వా..."

"నీ కోసం కాదు. రాయి కోసం. ఎండ దీని రంగు తాగేస్తుంది." ఇదలీనా ముందుకే చూస్తూ అంది. "శుక్రవారం ఆ గదిలో ఇదే మాట చెప్పి ఉంటే నేను ఒక రాత్రీ ఒక పగలూ నా చేతుల్ని నేనే అనుమానించుకునేదాన్ని కాదు. అది నేను మరిచిపోను."

లుద్మీలా తల వంచుకుంది. క్షమించమని అడగలేదు. ఆ ఒక్క సంగతి ఇదలీనాకు కొంచెం నచ్చింది.

మొదటి మలుపు దగ్గర ఒతావియో అందుకున్నాడు. చెమటతో చొక్కా వీపుకి అతుక్కుంది. "ఇలా ఇయ్యి దాన్ని," అన్నాడు కూతురితో, నవ్వు మొహంతో, పళ్ళ మధ్యనుంచి. "ఇంత జనంలో పడిపోతుంది. కొట్లో భద్రంగా పెడతాను. సానపట్టి రెండు చిన్న రాళ్ళు చేయొచ్చు." అరచెయ్యి చాపాడు.

లుద్మీలా ఆ అరచేతిని చూసింది. తర్వాత ఇదలీనాను చూసింది. ఇదలీనా గొడుగు కూడా కదపలేదు.

ఆ పిల్ల రాయిని నోట్లో వేసుకుని బుగ్గలోకి నెట్టుకుంది.

"పిచ్చెక్కిందా? ఉమ్ము! లుద్మీలా, ఉమ్మమంటున్నానా!"

ఆమె ఒక బుగ్గ ఉబ్బెత్తుగా, పెదవులు బిగించి, ముందుకు నడిచింది. వెనక వరసలోని ముసలివాళ్ళు చూశారు. రొజెండా సంగతి వాళ్ళందరూ చిన్నప్పట్నుంచీ విన్నదే. ఒకామె పక్కామెను మోచేత్తో పొడిచింది. ఆమె ఇంకొకామెను పొడిచింది. వరస వెంట ఏదో పాకినట్టయింది. ఒతావియో చాపిన చెయ్యి అలాగే గాల్లో ఉండగా, తెల్లలంగాలు అతనికి రెండు పక్కలనుంచీ దాటుకుంటూ పోయాయి. దారిలో "ఏమ్మా లుద్మీలా" అని పలకరించినవాళ్ళకు ఆమె తల మాత్రం ఊపింది.

గుట్ట పైన శిలువ దగ్గర పల్లకీ దించారు. ఇదలీనా గొడుగు మూసి చంకలో పెట్టుకుని, చంటిపిల్ల నోట్లోంచి గింజ తీయించే తల్లిలా, లుద్మీలా గడ్డం కింద దోసిలి పట్టింది.

"ఇయ్యి."

రాయి దోసిట్లో పడింది. తడిగా ఉంది. ఇదలీనా వేళ్ళు దానిచుట్టూ మూసుకున్నాయి. సరిగ్గా అంతే వెచ్చగా ఉంది.